నా కాయితం ఏమాయె, సారూ?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే కుర్చీ చుట్టూ తిరుగుతున్నాయి. ఉత్తరం రాసిన ఒకరు ఆ కుర్చీని ‘మానవ వనరుల అనుసంధానకర్త’ అన్నారు. పేరు ఘనంగానే ఉంది కానీ, మన సర్కారు దఫ్తరులలో దానిని అందరూ ఎరిగిన పేరు ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు. అంటే సిబ్బంది సర్వీసు, సెలవు, జీతాల కాగితాలు చూసే బల్ల. కలెక్టరేటులో అయితే ‘ఎ’ సెక్షన్. ముప్ఫై ఏళ్ల పైబడిన కొలువులో పదకొండేళ్లు ఆ సీటులోనే గడిపినవాణ్ణి కనుక, ఈసారి ఇతర ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. రాసినవారి పేర్లూ, వారి కార్యాలయాల పేర్లూ ప్రకటించడం లేదు.

ప్రశ్న: జూనియర్ అసిస్టెంటుగా తొమ్మిదేళ్లు పనిచేశాను. పోయిన దసరా తర్వాత సీనియర్ అసిస్టెంటుగా పదోన్నతి వచ్చి, హనుమకొండలోని ఒక జిల్లా కార్యాలయంలో చేరాను. ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు ఇచ్చారు. రెగ్యులర్, అవుట్‌సోర్సింగ్ కలిపి నూట నలభై మంది సిబ్బంది ఉన్నారు. “వాళ్లకూ నాకూ నడుమ వారధివి నువ్వేనమ్మా” అని మా సారు మొదటి రోజే చెప్పారు. ఆరు నెలలు తిరిగేసరికి సిబ్బంది నన్ను సారు మనిషి అంటున్నారు, సారు నన్ను సిబ్బంది వకీలు అంటున్నారు. సిబ్బంది కోరికలను నేనే సారు గదిలోకి వెళ్లి నోటితో చెబుతున్నాను. మెమోలు, వైద్య సెలవుల వివరాలు, జీతం నిలిపివేసినవారి జాబితాలు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. ఈ సీటులో ఎట్లా నెగ్గుకు రావాలి?

జవాబు: అమ్మా, ముందుగా ఆ ‘వారధి’ మాటను మనసులో నుంచి తీసివేయండి. వారధి మీద అందరూ నడుస్తారు, దాని బాగోగులు ఎవరూ అడగరు. మీరు ఫైలు పెట్టే మనిషి. మంజూరు చేయడం, తిరస్కరించడం అధికారి పని. ఆ అధికారం మీకు లేదు, ఉన్నట్లు ఎవరికీ అనిపించనూ కూడదు. అయితే మీ చేతిలో ఉన్నది కూడా తక్కువేమీ కాదు. ఉద్యోగి కొలువు చరిత్రంతా రాసిన సర్వీసు రిజిస్టరు మీ బీరువాలో ఉంటుంది, అతని దరఖాస్తు ఏ రోజున ఎక్కడ ఉందో మీ పర్సనల్ రిజిస్టరులో ఉంటుంది, అతనికి ఏ నిబంధన వర్తిస్తుందో అధికారికి పెట్టే నోటులో మీరు రాస్తారు. ఈ మూడింటినీ సరిగా నిర్వహిస్తే మీరు ఎవరి మనిషీ కానక్కరలేదు.

మీ బల్ల దగ్గరకు వచ్చే నూట నలభై మందీ చివరకు అడిగేది ఒకటే: “నా కాయితం ఏమాయె?” వాళ్లలో ప్రత్యేకంగా మేలు చేయమని వచ్చేవాళ్లు కొందరే ఉంటారు. మిగిలినవాళ్లకు తమ దరఖాస్తు బతికి ఉన్నదో లేదో తెలిస్తే చాలు. దానికి మన దఫ్తరులలో తరతరాలుగా చెబుతున్న జవాబులు మూడున్నాయి: “చూస్తాం”, “నడుస్తున్నది”, “పైన ఉన్నది”. నేను కూడా చాలాకాలం ఈ మూడింటితోనే కాలం వెళ్లబుచ్చాను. వీటిలో అబద్ధం లేదు, కానీ అడిగినవాడికి దక్కేదీ ఏమీ లేదు. వీటికి బదులు రిజిస్టరు తెరిచి, “మీ దరఖాస్తు పన్నెండో తారీఖున టపాలో వచ్చింది, పద్నాలుగున నోటు పెట్టాను, సారు పాత సెలవు ఉత్తర్వు నకలు అడిగారు, అది మీరు తెచ్చిస్తే శుక్రవారం మళ్లీ పెడతాను” అని చెప్పి చూడండి. పని కాకపోయినా ఆ మనిషి కోపం సగానికి సగం తగ్గిపోతుంది. తారీఖు చెప్పినవాడిని సారు మనిషి అని ఎవరూ అనరు.

ఈ సందర్భంలో నా కళ్ల ముందు జరిగిన ఒక సంగతి చెప్పాలి. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒక అటెండరు ఉండేవాడు. మధ్యాహ్నం చాయ్ అందరికీ అందించిన తర్వాత, రోజూ మూడు గంటల ప్రాంతంలో భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకుని, నా బల్లకు రెండడుగుల దూరంలో నిలబడేవాడు. రెండేళ్లుగా అతనికి ఇంక్రిమెంటు పడలేదు. అంతకు ముందు సంవత్సరం అతను జీతం లేని సెలవు పెట్టాడు, ఆ సెలవు మంజూరు ఉత్తర్వు సర్వీసు రిజిస్టరులో ఎక్కలేదు, అది ఎక్కనిదే ఇంక్రిమెంటు తారీఖు తేలదు. ఆ ఉత్తర్వు కోసం పాత కార్యాలయానికి మేము నాలుగు లేఖలు రాశాము, ఒక్కదానికీ బదులు రాలేదు. ఒకనాడు విసుగుతో, “అసలు ఆ ఉత్తర్వు నువ్వెప్పుడన్నా కళ్లతో చూసినవా?” అని అడిగాను. అతను చొక్కా లోపలి జేబులో నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి, వెనుక సెలోటేపు అంటించి ఉంది. సాక్షాత్తూ మేము వెతుకుతున్న ఉత్తర్వే. రెండేళ్లుగా అది అతని గుండెల మీదే ఉంది. అడిగినవాళ్లు లేరు. అతనికి అది అవసరమని చెప్పినవాళ్లూ లేరు.

అందుచేత సర్వీసు రిజిస్టరుల దగ్గర మీరు కొంత ఎక్కువ శ్రద్ధ పెట్టాలని కోరుతున్నాను. మన ప్రాంతంలో ఇది మరీ అవసరం. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2019 ఫిబ్రవరిలో ములుగు విడిగా ఏర్పడింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 317వ నంబరు జీవో ప్రకారం ఉద్యోగులను కొత్త స్థానిక కేడర్లకు కేటాయించారు. ప్రభుత్వ కొలువులను స్థానిక కేడర్లుగా విభజించిన 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల కింద మన పాత జిల్లా నుంచి పుట్టిన జిల్లాలు మూడు జోన్లలోకి చీలాయి: ములుగు, భూపాలపల్లి కాళేశ్వరం జోనులోకి, హనుమకొండ, వరంగల్, మహబూబాబాద్ భద్రాద్రి జోనులోకి, జనగామ యాదాద్రి జోనులోకి వెళ్లాయి. ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నవాళ్ల సీనియారిటీ జాబితాలు వేరయ్యాయి. మనుషులు బస్సులెక్కి వెళ్లిపోయారు గానీ వాళ్ల రిజిస్టరులు, ఎల్‌పీసీలు (చివరి జీతం ధ్రువపత్రాలు), సెలవు ఖాతాలు వాళ్ల వెంట అంతే త్వరగా వెళ్లాయని చెప్పలేము. మీ బీరువాలో ఉన్న రిజిస్టరులలో ఎన్నింటిలో ఆ కేటాయింపు ఉత్తర్వు, రిలీవైన తారీఖు, చేరిన తారీఖు పూర్వాహ్నమా అపరాహ్నమా అన్నదానితో సహా నమోదైనాయో ముందు సరిచూడండి. రోజుకు మూడు రిజిస్టరుల చొప్పున చూసినా రెండు నెలలలో రెగ్యులర్ సిబ్బంది అందరివీ పూర్తవుతాయి.

ఏడాదికి ఒకసారి ఉద్యోగిని పిలిచి, అతని ఎదుట రిజిస్టరు తెరిచి, సర్వీసు సరిచూసినట్లు అతనితో సంతకం పెట్టించుకోవడం మన విధి. చాలాచోట్ల ఖాళీ పేజీ తెరిచి వేలు చూపించిన చోట సంతకం పెట్టించుకుంటారు. అట్లా చేయకండి. అతనికి చదివే సమయం ఇవ్వండి. జనవరి 1న, జులై 1న పదిహేనేసి రోజులు ఆర్జిత సెలవు ఖాతాలో జమ అవుతుందనీ, అది మూడు వందల రోజులకు మించి నిలవ ఉండదనీ అందరికీ తెలుసు. తన ఖాతాలో ఈరోజున ఎన్ని ఉన్నాయో మాత్రం పదిమందిలో ఇద్దరికి కూడా తెలియదు. ఆ అంకె రిటైరయ్యే నాడు సెలవుల నగదు మార్పిడిలో రూపాయలుగా మారుతుంది. అప్పుడు పుట్టే తగాదా ఎంత చేదుగా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు.

ఇక మీ సారు సంగతి. ఆయన మిమ్మల్ని వకీలు అనడానికి కారణం మీ ఉత్తరంలోనే కనిపించింది. సిబ్బంది కోరికలను మీరు నోటి మాటగా ఆయన గదిలోకి మోసుకుపోతున్నారు. నోటి మాటలో నిబంధన ఉండదు, నివేదన మాత్రమే ఉంటుంది. వినేవారికి అది సిఫారసుగానే తోస్తుంది. ఏ కోరికనైనా రాతపూర్వకంగా తీసుకుని, నోటు ఫైలులో వాస్తవాలు రాసి, వర్తించే నిబంధన రాసి, ఇదే కార్యాలయంలో ఇంతకు ముందు ఇటువంటి సందర్భంలో ఏమి చేశారో రాసి, ఉత్తర్వుల కోసం సమర్పించండి. ఇస్తే ఏమవుతుందో, ఇవ్వకపోతే ఏమవుతుందో రెండూ రాయండి. ఆయన గదిలో నోటితో “వద్దు” అంటే, బయటకు వచ్చి “చర్చించిన మీదట” అని నోటులో ఒక వాక్యం రాసి మళ్లీ పెట్టండి. అది మొండితనం అనుకునే అధికారులు ఉంటారు. ఏడాదికో రెండేళ్లకో ఆయన బదిలీ అయి మరొకరు వస్తారు, ఆ “వద్దు” ఎవరిదని కొత్తగా వచ్చినవారు అడిగేది మిమ్మల్నే.

మరొక్క మాట. కార్యాలయపు వాట్సాప్ గ్రూపులో ఉద్యోగుల మెమోలు, వైద్య సెలవుల వివరాలు, జీతం నిలిపివేసినవారి జాబితాలు పెడుతున్నారని రాశారు. ఈరోజే ఆపించండి. గర్భస్రావమై సెలవు పెట్టిన ఒక ఉద్యోగిని దరఖాస్తు నూట నలభై ఫోన్లలో కనిపిస్తే ఆ నష్టాన్ని ఏ నోటు ఫైలూ తీర్చలేదు.

అకౌంట్స్ టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు ఇంకా మిగిలి ఉంటే పబ్లిక్ సర్వీస్ కమిషన్ తదుపరి నోటిఫికేషన్‌లోనే రాసేయండి. పదోన్నతి కోసం మాత్రమే కాదు, ఫండమెంటల్ రూల్సు (జీతం, సెలవుల మూల నిబంధనలు) పుస్తకం భయం లేకుండా తెరవడానికి అదొక్కటే దారి.

ప్రశ్న: మా నాన్న ములుగు జిల్లాలో ఒక కార్యాలయంలో వాచ్‌మన్‌గా పనిచేస్తూ ఎనిమిది నెలల క్రితం చనిపోయారు. నేను ఇంటర్ పూర్తి చేశాను. అమ్మకు చదువు రాదు. కారుణ్య నియామకం కోసం ఆఫీసుకు నాలుగుసార్లు వెళ్లాను. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెస్తేనే దరఖాస్తు తీసుకుంటామంటున్నారు. తహసీల్ ఆఫీసులో విచారణ జరగాలంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ఈ పత్రిక చేతిలో పడిన మరునాడే దరఖాస్తు పెట్టు. ఉద్యోగి మరణించిన తేదీ నుంచి ఏడాది లోపల దరఖాస్తు చేయాలన్నది నిబంధన. నీకు ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి. నీ ఉత్తరం చదివిన తర్వాత నాకు నిద్ర పట్టలేదని రాస్తే అతిశయోక్తి అనుకోవద్దు. కారణం చెబుతాను.

నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో కొత్తగా ఉన్న రోజులలో, పరకాల దిక్కు నుంచి ఒక తల్లి వచ్చింది. భర్త మా కార్యాలయంలోనే చిన్న ఉద్యోగి. చేతిలో మరణ ధ్రువపత్రం ఒక్కటే ఉంది. నిబంధనలు కంఠతా వచ్చిన గర్వంలో నేను, “కుటుంబ సభ్యుల సర్టిఫికెటు, కొడుకు చదువు సర్టిఫికెట్లు, మిగతా వారసుల సమ్మతి పత్రం, అన్నీ ఒక్కసారే తీసుకురామ్మా, అప్పుడు దరఖాస్తు రాసుకుందాం” అని చెప్పి పంపాను. చాలా మర్యాదగానే చెప్పాను. ఆమె నేను చెప్పినది చెప్పినట్లే చేసింది. తహసీల్ కార్యాలయంలో విచారణ, పెద్ద కూతురు అత్తగారి ఊరి నుంచి సంతకం, వానకాలం నాట్లు, అన్నీ అయ్యేసరికి ఏడాది దాటి పంతొమ్మిది రోజులు. దరఖాస్తు వెనక్కి వచ్చింది. గడువు సడలింపు కోరుతూ ప్రతిపాదన హైదరాబాదుకు పంపాము. ఆ ఫైలు తిరిగి తిరిగి సానుకూలంగా వచ్చేనాటికి, ఆ పిల్లవాడు మహారాష్ట్రలోని భీవండీకి మరమగ్గాల మీదకు వెళ్లిపోయి, అక్కడే సంసారం పెట్టుకున్నాడు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “మీరు చెప్పినట్లే తెచ్చిన గద సారూ” అన్నది, అంతే. తప్పు నాదేనని ఆ ఫైలులో ఎక్కడా లేదు, ఉండదు కూడా.

ఆ తర్వాత నేను మార్చుకున్న పద్ధతి ఇది: దరఖాస్తు ముందు, ధ్రువపత్రాలు తర్వాత. తెల్లకాగితం మీద నాన్న పేరు, హోదా, చనిపోయిన తేదీ, నీ పేరు, నీకు ఆయనతో సంబంధం, నీ చదువు రాసి, ‘మిగిలిన పత్రాలు అందిన వెంటనే సమర్పించగలను’ అన్న వాక్యం చేర్చి, అమ్మతో సమ్మతిగా వేలిముద్ర పెట్టించు. ఆయన చివరగా పనిచేసిన కార్యాలయంలో ఇన్‌వార్డులో ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీ, ముద్ర వేయించుకో. తీసుకోబోమంటే, చేరినట్లు రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపు. ఆ రసీదే నీకు గడువు లోపల దరఖాస్తు చేశావనడానికి ఆధారం. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు పెట్టి, ఆ రసీదు నకలు కూడా జత చెయ్యి. ఆ శాఖలో ఖాళీ లేకపోతే జిల్లాలో ఇతర శాఖలలోని ఖాళీలకు కలెక్టరు ద్వారా పంపే వీలు ఉంటుంది కనుక, “ఖాళీలు లేవు” అన్న మాట విని ఊరుకోకు. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఆ ముద్ర ఉన్న ప్రతి చూపించు.

ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. మీ కార్యాలయంలో ఉద్యోగి చనిపోయిన వారం రోజులలో, దినాలు కాకముందే అయినా సరే, ఒక మనిషిని ఇంటికి పంపండి. ఏయే కాగితాలు కావాలో తెలుగులో రాసిన చీటీ ఒకటి, ఏడాది గడువు ఏ తారీఖుతో ముగుస్తుందో ఎర్ర సిరాతో రాసి, పంపండి.

ప్రశ్న: జనగామలో ఒక కార్యాలయంలో అవుట్‌సోర్సింగ్ కింద డేటా ఎంట్రీ ఆపరేటరుగా చేస్తున్నాను. మూడు నెలలుగా జీతం లేదు. ఏజెన్సీవారిని అడిగితే ఆఫీసు బిల్లు పెట్టలేదంటారు, ఆఫీసులో అడిగితే నువ్వు మా ఉద్యోగివి కావు, ఏజెన్సీని అడుగు అంటారు. మొన్న బాబుకు జ్వరం వస్తే ఈఎస్ఐ దవాఖానలో కార్డు చెల్లదన్నారు. జీతం వచ్చినన్నాళ్లూ అందులో కోత మాత్రం ప్రతినెలా పడింది.

జవాబు: “మా ఉద్యోగివి కావు” అన్న మాట సగం వరకే నిజం. నియామక పత్రం ఏజెన్సీది, కానీ పని చేయించుకుంటున్నది ఆ కార్యాలయం. చట్టం దృష్టిలో అది ప్రధాన యజమాని. గుత్తేదారు జీతం ఇవ్వకపోయినా, పీఎఫ్, ఈఎస్ఐ చెల్లించకపోయినా, ప్రధాన యజమాని చేతులు దులుపుకోవడానికి వీలు లేదు.

మీరు ముందుగా రెండు విషయాలు తేల్చుకోండి. మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే) నంబరుతో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, ఏ నెల వరకు జమ అయిందో చూడండి. మీ జీతంలో నుంచి పన్నెండు శాతం కోసినప్పుడు, యజమాని వాటా కూడా అంతే ఉండాలి. ఈఎస్ఐలో మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారికి అది వర్తిస్తుంది. 2021 వేతన సవరణలో అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి నిర్ణయించిన మూడు మొత్తాలు 15,600, 19,500, 22,750 రూపాయలు. ఇందులో మీది మొదటి రెండింటిలో ఏదైనా అయితే మీకు ఈఎస్ఐ ఉండవలసిందే. ఈ చెల్లింపులు తదుపరి నెల పదిహేనో తారీఖు లోపల జరగాలి. కోత కోసి జమ చేయకపోవడం ఆలస్యం కిందికి రాదు, అది నేరం. పాస్‌బుక్ ప్రతి, జీతం చీటీ ప్రతి జతచేసి కార్యాలయాధిపతికి ఒక దరఖాస్తు, పీఎఫ్ కార్యాలయానికి ఒకటి, ఈఎస్ఐ కార్యాలయానికి ఒకటి పంపండి. ఒక్కరే కాకుండా అదే ఏజెన్సీ కింద ఉన్నవారందరూ కలిసి సంతకాలు చేస్తే మిమ్మల్ని ఒక్కరినే పక్కకు పెట్టడం కష్టమవుతుంది. ఈ భయం మీ ఉత్తరంలో లేకపోయినా మీ మనసులో ఉంటుందని నాకు తెలుసు.

దఫ్తరు వైపు మాట కూడా చెప్పాలి. ఏజెన్సీ బిల్లు ట్రెజరీకి పంపే ముందు, పోయిన నెల పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు, ఎవరి పేరున ఎంత కట్టారో తెలిపే జాబితాతో సహా, జత చేయమని అడగాల్సింది ఎస్టాబ్లిష్‌మెంట్ గుమాస్తానే. మొత్తం అంకె సరిపోతే చాలదు, పేర్లు లెక్కపెట్టాలి. ముప్ఫై మంది పనిచేస్తుంటే ఇరవై రెండు పేర్లకే చలానా కట్టిన జాబితాను నేను ఒకసారి పట్టుకున్నాను. పట్టుకోవడానికి నాకు పట్టిన సమయం పది నిమిషాలు.

ప్రశ్న: మహబూబాబాద్‌లో ఒక కార్యాలయంలో సిబ్బంది వ్యవహారాలు చూస్తున్నాను. కొత్తగా చేరిన ఒక అమ్మాయి, తన పై అధికారి ప్రవర్తన గురించి నాతో ఏడుస్తూ చెప్పింది. “అక్కా, ఎవరికీ చెప్పకు” అని ఒట్టు వేయించుకుంది. చెప్పకపోతే తప్పు చేసినట్లుంది, చెబితే మాట తప్పినట్లుంది.

జవాబు: ఆ అమ్మాయి మీ దగ్గర ఏడవగలిగింది. అందుకు ముందుగా మీకు నమస్కారం. అయితే ఆమె సమ్మతి రాతలో లేకుండా మీరు ఫిర్యాదును ముందుకు తీసుకువెళ్లకూడదు, ఆ అధికారిని పిలిచి మందలించే ప్రయత్నం అసలే చేయకూడదు. “నేను సారుతో మాట్లాడి సర్దుబాటు చేస్తాను” అన్నది ఇటువంటి సందర్భాలలో మంచివాళ్లు చేసే చెడ్డ పని. అవతలివారికి ముందే తెలిసిపోతుంది, సాక్ష్యం చెరిగిపోతుంది, బదిలీ వేటు ఆ అమ్మాయి మీదనే పడుతుంది.

చేయవలసింది ఏమిటంటే, ఆమెకు దారి తెలియజేయడం. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి కార్యాలయంలో అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా ఉద్యోగి దానికి అధ్యక్షురాలిగా ఉండాలి, సభ్యులలో కనీసం సగం మంది మహిళలు కావాలి, బయటి నుంచి ఒకరు ఉండాలి. ఫిర్యాదు ఘటన జరిగిన మూడు నెలలలోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, వరుసగా జరుగుతుంటే చివరి ఘటన నుంచి లెక్క. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. రాయలేని పరిస్థితిలో ఉంటే రాయడంలో సహాయం చేయడం కమిటీ బాధ్యతే. విచారణ తొంభై రోజులలో ముగియాలి. ఆ కాలంలో ఆమె కోరితే, ఆమెనో ఆ అధికారినో వేరేచోటికి మార్చవచ్చు, ఆమెకు మామూలు సెలవులకు అదనంగా మూడు నెలల వరకు సెలవు ఇవ్వవచ్చు. రాజీ అన్నది ఆమె అడిగితేనే, అది కూడా డబ్బు ప్రసక్తి లేకుండా. ఆరోపణ కార్యాలయాధిపతి మీదనే అయితే జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లాలి. ఫిర్యాదుదారు పేరు, వివరాలు బయటపెట్టడం చట్టప్రకారం నిషిద్ధం.

ఈ సంగతులన్నీ ఆమెతో ఒంటరిగా కూర్చుని చెప్పండి. తారీఖులు, ఫోను సందేశాలు, ఆ సమయంలో అక్కడ ఉన్నవారి పేర్లు ఆమెను తన ఇంట్లో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోమనండి. మూడు నెలల గడువు ఏ రోజుతో ముగుస్తుందో మాత్రం తప్పక చెప్పండి. నిర్ణయం ఆమెది. అప్పటివరకు మీ ఒట్టు చెక్కుచెదరదు. ఇంతకూ మీ కార్యాలయంలో ఆ కమిటీ ఉందా? సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయా? లేకపోతే, ఈ విషయంతో సంబంధం లేనట్లుగా, కమిటీ ఏర్పాటుకు ఒక మామూలు నోటు ఈ వారమే పెట్టండి. అది మీ పనే, అందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

ప్రశ్న: నేను రికార్డు అసిస్టెంటును. పదో తరగతి మెమోలో నా పుట్టిన సంవత్సరం తప్పు పడింది, అసలు కంటే రెండేళ్లు ముందటి సంవత్సరం రాశారు. సర్వీసు రిజిస్టరులోనూ అదే ఎక్కింది. రిటైర్‌మెంటుకు ఏడాదిన్నర ఉంది. జాతకం, గ్రామ పెద్దల అఫిడవిట్లతో కోర్టుకు వెళ్దామని కొందరంటున్నారు. ఇప్పుడు సరిచేయించుకోవచ్చా?

జవాబు: కుదరదు. 1984 నాటి నిబంధనల ప్రకారం, చేరినప్పుడు నమోదైన పుట్టిన తేదీని తర్వాత మార్చడానికి ఉద్యోగికి హక్కు లేదు. రాసినవారి చేతి తప్పు వల్ల, అంటే మెమోలో ఒకటి ఉండగా రిజిస్టరులో మరొకటి ఎక్కితే, ప్రభుత్వ ఉత్తర్వులతో సరిచేయవచ్చు. మీ విషయంలో రెండూ ఒకటే కనుక ఆ దారి కూడా లేదు. జాతకం, గ్రామ పెద్దల అఫిడవిట్లు పట్టుకుని కోర్టుకు వెళ్దామని మీకు సలహా ఇచ్చినవారు, ఆ ఖర్చు కూడా తామే పెట్టుకుంటారేమో అడగండి. ఈ ఏడాదిన్నరను పింఛను కాగితాలకు వాడుకోండి. మీ పేరు, భార్య పేరు, ఇంటిపేరు రిజిస్టరులోనూ ఆధార్‌లోనూ బ్యాంకులోనూ ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూడండి. రేపు కుటుంబ పింఛను దగ్గర పేచీ పెట్టేది పుట్టిన తేదీ కాదు, ఆ అక్షరాలే.

ప్రశ్న: మా ఆఫీసులో ఒక సహోద్యోగి సర్వీసు రిజిస్టరు నకలు, అతనికి ఇచ్చిన మెమోలు కావాలని బయటి వ్యక్తి సమాచార హక్కు చట్టం కింద అడిగాడు. ఇవ్వాలా? సారు దరఖాస్తునే పక్కన పడేయమంటున్నారు.

జవాబు: పక్కన పడేయడానికి వీలు లేదు. ముప్ఫై రోజులలో పౌర సమాచార అధికారి జవాబు ఇవ్వాలి, లేకపోతే జరిమానా ఆయన జీతంలో నుంచే పోతుంది. అయితే అడిగినదంతా ఇవ్వాలనీ లేదు. ఉద్యోగికి ఇచ్చిన మెమోలు, షోకాజులు, శిక్షల వంటివి వ్యక్తిగత సమాచారమని 2012లో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కారణం, సెక్షను, అప్పీలు ఎవరికి చేసుకోవాలో పేర్కొంటూ రాతపూర్వకంగా తిరస్కరించవచ్చు. హోదా, జీతం వంటివి ఇవ్వవచ్చు. ఆ సహోద్యోగి తన రిజిస్టరు నకలు తానే అడిగితే మాత్రం కాదనవద్దు.

ప్రశ్న: మేడారం జాతర డ్యూటీకి వెళ్లి వారం రోజులు ఉన్నాను. హాజరు పట్టికలో ఆ రోజులకు సాధారణ సెలవు వేశారు.

జవాబు: అది డ్యూటీయే, సెలవు కాదు. మిమ్మల్ని జాతరకు కేటాయించిన ఉత్తర్వు ప్రతి, అక్కడి సెక్టారు బాధ్యుడి నుంచి హాజరు ధ్రువీకరణ జతచేసి దరఖాస్తు ఇవ్వండి. హాజరు పట్టికలో దిద్దుబాటు మీద అధికారి పొట్టి సంతకం ఉండేలా చూసుకోండి. ప్రయాణ భత్యం బిల్లు కూడా అదే రోజున పెట్టండి. ధ్రువీకరణ తెచ్చుకోవడం మరచిపోయి ఉంటే, మీతోపాటు అదే సెక్టారులో పనిచేసినవారిని ఇప్పుడే వెతకండి. జాతర అయిపోయాక అందరూ తమ తమ జిల్లాలకు చెదిరిపోతారు.